అచ్చుగుద్దే సోలార్ సెల్‌కు ఎక్స్‌రే పరీక్ష



ఎక్స్‌రే అనగానే మనకు ఆసుపత్రి గుర్తొస్తుంది. చెయ్యి విరిగితే ఎక్స్‌రే, దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే. కానీ ఎక్స్‌రేకు ఇంకో పని కూడా ఉంది. కంటికి కనిపించని పరమాణువుల వరుసల మధ్య దూరాన్ని కొలవడం. ఈ రెండో పనిని అడ్డం పెట్టుకుని ఇవాళ ప్రపంచంలోని పెద్ద ప్రయోగశాలలు ఒక ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాయి. పెళ్లిపత్రికలు అచ్చువేసినంత సులువుగా సోలార్ సెల్‌లను అచ్చువేయగలమా?

వేయగలం అన్న జవాబు ఇప్పటికే వచ్చింది. అయితే అచ్చువేసిన ప్రతి ముక్కా బాగా పనిచేసేలా, ఏళ్ల తరబడి నిలిచేలా వేయగలమా అన్నదే అసలు చిక్కు. ఆ చిక్కును విప్పడానికి ఎక్స్‌రే ఎలా పనికొస్తుందో మన ఇంటర్, డిగ్రీ పాఠాల స్థాయిలోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను. స్కూలు తమ్ముళ్లు లెక్కలున్న పేరాలు వదిలేసి చదివినా విషయం అందుతుంది.

సిలికాన్ ఉండగా కొత్తది ఎందుకు?

ముందుగా ఒక మాట. మేడల మీద నీళ్లు కాచుకునే సోలార్ వేరు, కరెంటు ఇచ్చే సోలార్ వేరు. మొదటిది ఎండ వేడిని వాడుకుంటుంది. రెండోది వెలుగును నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది. మనం మాట్లాడుకునేది రెండోదాని గురించి.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల అల్ట్రా మెగా సోలార్ పార్కును బస్సులోంచైనా చూసినవాళ్లు మనలో ఉంటారు. అలాంటి చోట్ల వరుసలుగా కనిపించే పలకలు ఎక్కువగా సిలికాన్‌తో చేసినవే. సిలికాన్ ఇసుకలోనే ఉంది, కొదవ లేదు. కానీ దాన్ని ఇసుక నుంచి విడదీయాలి, అత్యంత శుద్ధి చేయాలి, 1414 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి స్ఫటికంగా పెంచాలి, ఆపైన పల్చని బిళ్లలుగా కోయాలి. దీనికి పెద్ద కొలిమి, పెద్ద ఫ్యాక్టరీ, పెద్ద పెట్టుబడి కావాలి. పైగా సిలికాన్ వెలుగును అంత తొందరగా పీల్చుకోదు. అందుకని ఆ బిళ్ల మందం 150 మైక్రోమీటర్ల వరకు ఉండాలి.

పెరోవ్‌స్కైట్ అనే పదార్థానికి అర మైక్రోమీటరు మందం చాలు. అంటే 500 నానోమీటర్లు. మన తల వెంట్రుక మందంలో సుమారు నూరో వంతు. దాన్ని 100 డిగ్రీల చుట్టుపక్కల వేడితోనే తయారుచేయవచ్చు. అన్నిటికీ మించి అది ద్రావణంలో కరుగుతుంది. కరిగితే సిరా అవుతుంది. సిరా అయితే అచ్చువేయవచ్చు. ఆశంతా ఇక్కడే ఉంది.

పెరోవ్‌స్కైట్ కథ

1839లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ రోజ్ రష్యాలోని యూరల్ పర్వతాల నుంచి వచ్చిన ఒక ఖనిజాన్ని పరిశీలించి, లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యన్ పెద్దమనిషి పేరు పెట్టారు. అది కాల్షియం టైటనేట్. ఆ ఖనిజంలో పరమాణువులు ఏ పద్ధతిలో అమరి ఉన్నాయో, అదే పద్ధతిలో అమరిన ఏ పదార్థాన్నైనా ఇప్పుడు పెరోవ్‌స్కైట్ అనే అంటున్నారు. కాబట్టి పెరోవ్‌స్కైట్ ఒక పదార్థం పేరు కాదు, ఒక కుటుంబం పేరు.

సోలార్ సెల్‌లో వాడే పెరోవ్‌స్కైట్‌లో నడుమ ఒక సీసం అయాన్, దాని చుట్టూ ఆరు దిక్కుల్లో ఆరు అయోడిన్ అయాన్లు ఉంటాయి. ఇలాంటి ఎనిమిది ముఖాల గూళ్లు మూలమూలా కలుపుకుని అన్ని వైపులకూ పరుచుకుంటాయి. గూళ్ల మధ్య మిగిలిన ఖాళీలో మిథైలమ్మోనియం అనే చిన్న సేంద్రియ అయాన్ కూర్చుంటుంది. దాని బదులు ఫార్మమిడీనియం గానీ సీసియం గానీ పెట్టవచ్చు. మనిషి మారినా గది మారదన్నమాట.

దీన్ని మొదట సోలార్ సెల్‌లో పెట్టింది జపాన్‌లో. ప్రొఫెసర్ త్సుతోము మియసాకా బృందంలో అకిహిరో కోజిమా అనే పీజీ విద్యార్థి దీన్ని వాడి చూద్దామని పూనుకున్నారు. 2009లో వెలువడిన వాళ్ల ఫలితం 3.8 శాతం. అంటే 100 పాళ్ల వెలుగు పడితే 3.8 పాళ్ల కరెంటు. అదీ ద్రవంలో కరిగిపోయి నిమిషాల్లో పాడైపోయేది. 2012లో ద్రవం తీసేసి ఘనపదార్థం వాడేసరికి 10 శాతం దగ్గరికి చేరింది. ఇప్పుడు చిన్న ముక్కల మీద 26 శాతం దాటింది. సిలికాన్ దశాబ్దాల పాటు నడిచిన దూరాన్ని ఇది పదిహేనేళ్లలో నడిచింది.

సిలికాన్‌కు ఇది పోటీయే కాదు, తోడు కూడా. పైన పెరోవ్‌స్కైట్ పొర, కింద సిలికాన్ పెడితే నీలం, ఆకుపచ్చ వెలుగులను పైది తీసుకుంటుంది, ఎరుపును, పరారుణాన్ని కిందిది తీసుకుంటుంది. సిలికాన్ ఒక్కటే అయితే సిద్ధాంతం ప్రకారం సుమారు 29 శాతం దాటలేదు. 2024లో చైనాకు చెందిన లాంగి కంపెనీ ఈ జోడు సెల్‌తో 34.6 శాతం సాధించింది.

సిరా నుంచి పొర దాకా

లెడ్ అయొడైడ్, మిథైలమ్మోనియం అయొడైడ్ అనే రెండు లవణాలను డీఎంఎఫ్, డీఎంఎస్ఓ వంటి ద్రావణుల్లో కరిగిస్తే పసుపుపచ్చని ద్రవం వస్తుంది. అదే సిరా. దాన్ని గాజు మీద పరిచి ఆరబెట్టి, వేడి చేస్తే ముదురు గోధుమ నుంచి నలుపు రంగు పొర ఏర్పడుతుంది. పసుపు నలుపు కావడమే పెరోవ్‌స్కైట్ పుట్టిందనడానికి గుర్తు.

ప్రయోగశాలలో దీనికి స్పిన్ కోటింగ్ వాడతారు. చిన్న గాజు ముక్కను నిమిషానికి కొన్ని వేల చుట్లు తిప్పుతూ దాని మీద సిరా వేస్తారు. చాలా భాగం సిరా అంచుల నుంచి చిమ్మి పారిపోతుంది, పల్చని పొర మిగులుతుంది. సరిగ్గా ఫలానా సెకనులో క్లోరోబెంజీన్ వంటి మరో ద్రవం చుక్కలు వేస్తే స్ఫటికాలు ఒక్కసారిగా పుట్టి పొర నున్నగా వస్తుంది. రికార్డు సెల్‌లలో ఎక్కువ భాగం ఇలా చేసినవే. అయితే రెండు సెంటీమీటర్ల గాజును తిప్పగలం గానీ ఇంటి తలుపంత గాజును తిప్పలేం. సిరా వృథా కూడా తట్టుకోలేం.

అందుకే అచ్చు పద్ధతులు వచ్చాయి. గోడకు లప్పం పట్టే బద్దలాంటి పలకతో సిరాను లాగడం ఒకటి, దీన్ని బ్లేడ్ కోటింగ్ అంటారు. సన్నని పొడవాటి చీలిక గుండా సిరాను సమంగా వదులుతూ గాజును కింద జరపడం ఇంకొకటి, ఇది స్లాట్ డై. పెళ్లిపత్రికలకు వాడే స్క్రీన్ ప్రింటింగ్ మరొకటి. చైనాలోని వుహాన్ పరిశోధకులు 2014లో టైటానియా, జిర్కోనియా, కార్బన్ పొరలను ఒకదాని మీద ఒకటి అచ్చువేసి, వాటిలోకి పెరోవ్‌స్కైట్ ద్రావణాన్ని ఇంకించి 12.8 శాతం చూపించారు. 2023లో బ్రిటన్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయం వాళ్లు న్యూస్ పేపర్ మాదిరి చుట్ట నుంచి చుట్టకు సాగే యంత్రం మీద అన్ని పొరలనూ అచ్చువేసి 10 శాతం పైగా రాబట్టారు.

చిన్న ముక్క మీద 26, అచ్చు మీద అంతకన్నా బాగా తక్కువ. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

పాకం సంగతి

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. "ఎమ్మెస్సీలో ఏం చదువుతున్నావు?" అని మా అమ్మ అడిగితే అరిసెల పాకంతోనే చెప్పాల్సి వచ్చింది. ఆలోచిస్తే అంతకన్నా మంచి పోలిక నాకు ఇప్పటికీ దొరకలేదు.

బెల్లం, నీళ్లు, పొయ్యి. ఇవి ఎవరింట్లోనైనా అవే. కానీ పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది. ముదిరితే రాయి అవుతుంది. ఆ మధ్యలో ఉండ పాకం అనే దశ కాసేపే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి. పది అరిసెలకు చేసిన అంచనా రెండొందల అరిసెలకు పనికిరాదు. గిన్నె పెద్దదైతే మంట లెక్క మారుతుంది, సమయం మారుతుంది.

పెరోవ్‌స్కైట్ సిరా కూడా అంతే. గిర్రున తిరిగే గాజు మీద ద్రావణి సెకన్లలో పోతుంది. అచ్చువేసిన పెద్ద పొరలో నెమ్మదిగా ఆరుతుంది. నెమ్మదిగా ఆరితే స్ఫటికాలు సూదుల్లా, కొమ్మల్లా పెరుగుతాయి. వాటి మధ్య సూదిబెజ్జాలు మిగులుతాయి. ఆ బెజ్జంలో పైపొర, కిందిపొర ఒకదానికొకటి తగిలితే కరెంటు అక్కడే కారిపోతుంది. ఒక్కోసారి ద్రావణి అణువులు లెడ్ అయొడైడ్‌ను పట్టుకుని వదలవు. ద్రావణి కలిసిన ఒక మధ్యంతర స్ఫటికం ముందు పుట్టి, ఆ తరువాతే పెరోవ్‌స్కైట్‌గా మారుతుంది. ఆ మార్పు సగంలో ఆగితే పొర లోపల పచ్చి మిగిలినట్టే. వేడి ఎక్కువైతే మిథైలమ్మోనియం ఎగిరిపోయి లెడ్ అయొడైడ్ మిగులుతుంది. అది మాడిన పాకం.

రంగు చూసి కొంత చెప్పవచ్చు. మైక్రోస్కోపుతో పైన ఉన్న గింజలను చూడవచ్చు. కానీ పొర లోపల ఏ స్ఫటికం ఎంత ఉంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఎప్పుడు పుట్టింది అన్నది చెప్పాలంటే పరమాణువుల దూరాలను కొలిచే సాధనం కావాలి. అదే ఎక్స్‌రే పరిక్షేపణం.

తండ్రీకొడుకుల సూత్రం

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నారు. 1912లో మాక్స్ ఫాన్ లావే ఆలోచన మీద జరిగిన ప్రయోగంలో స్ఫటికం గుండా పోయిన ఎక్స్‌రేలు ఫొటో పలక మీద చుక్కల ముగ్గు వేశాయి. ఆ చుక్కలు ఎందుకు వచ్చాయో సులువైన లెక్కతో చెప్పినవాడు విలియం లారెన్స్ బ్రాగ్. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు, ఇప్పుడు నా వయసు కన్నా ఒక ఏడాది తక్కువ. తండ్రి విలియం హెన్రీ బ్రాగ్‌తో కలిసి 1915లో నోబెల్ అందుకున్నప్పుడు 25 ఏళ్లు.

ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీలో ఘనస్థితి పాఠం చదివిన వాళ్లకు బ్రాగ్ సమీకరణం గుర్తుండే ఉంటుంది. ఎన్ లామ్డా = రెండు డి సైన్ తీటా. నాలుగు మార్కులకు చాలామందిమి బట్టీ పట్టినదే. దాని అర్థం ఇది. స్ఫటికంలో పరమాణువులు అంతస్తులుగా ఉంటాయి. పై అంతస్తు నుంచి ఒక తరంగం, కింది అంతస్తు నుంచి ఇంకో తరంగం వెనక్కి వస్తాయి. కిందిది కొంచెం ఎక్కువ దూరం నడవాలి. ఆ ఎక్కువ దూరం సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యమో, దానికి పూర్ణాంక రెట్లో అయితే రెండు తరంగాలూ ఎన్‌సీసీ పరేడ్‌లో అడుగులు కలిసినట్టు కలిసిపోయి వెలుగు పెరుగుతుంది. లేకపోతే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. ఏ కోణంలో వెలుగు పెరిగిందో చూస్తే అంతస్తుల మధ్య దూరం డి తెలిసిపోతుంది.

మామూలు వెలుగు తరంగదైర్ఘ్యం 4000 నుంచి 7000 ఆంగ్‌స్ట్రామ్‌లు. పరమాణువుల దూరాలు కొన్ని ఆంగ్‌స్ట్రామ్‌లే. అంత పెద్ద తరంగంతో ఇంత చిన్న దూరాన్ని కొలవలేం. రాగి లక్ష్యం ఉన్న ఎక్స్‌రే గొట్టం ఇచ్చే తరంగదైర్ఘ్యం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు. కొలతబద్ద సరిపోయింది.

ఒక లెక్క చేసి చూద్దాం. మిథైలమ్మోనియం లెడ్ అయొడైడ్ పెరోవ్‌స్కైట్ మొదటి శిఖరం రెండు తీటా 14.1 డిగ్రీల దగ్గర వస్తుంది. తీటా 7.05 డిగ్రీలు, సైన్ విలువ 0.1227. డి = 1.54 ను 0.2454 తో భాగిస్తే సుమారు 6.28 ఆంగ్‌స్ట్రామ్‌లు. లెడ్ అయొడైడ్ శిఖరం 12.7 డిగ్రీల దగ్గర వస్తుంది. అదే లెక్క చేస్తే డి సుమారు 6.96 ఆంగ్‌స్ట్రామ్‌లు. గ్రాఫు మీద 12.7 దగ్గర శిఖరం లేచిందంటే మార్పు సగంలో ఆగిందని గానీ, పొర పాడవుతోందని గానీ అర్థం. క్యాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని. ఎక్స్‌రే తరంగదైర్ఘ్యం మార్చితే ఈ కోణాలు మారతాయి, డి మాత్రం మారదు. ఎందుకంటే అది పదార్థం సొంత గుణం.

ఏటవాలు కిరణం

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. మన పొర మందం అర మైక్రోమీటరు. కిరణాన్ని నిటారుగా పంపితే రెప్పపాటులో పొరను దాటి గాజులోకి పోతుంది. వచ్చే సంకేతంలో గాజు వంతే ఎక్కువ.

చెరువు నీటి మీద చిల్లపెంకును పడుకోబెట్టి విసిరితే అది మునగకుండా నీటిని తాకుతూ పోతుంది. ఎక్స్‌రేను కూడా అలాగే పొరను దాదాపు ఒరుసుకుంటూ పంపుతారు. కోణం అర డిగ్రీ లోపే. 0.4 డిగ్రీల కోణంలో పంపితే 500 నానోమీటర్ల పొరలోనే కిరణం సుమారు 70 మైక్రోమీటర్లు నడుస్తుంది. అంటే నిటారుగా పోయిన దానికి 140 రెట్లు. సంకేతమంతా పొర నుంచే వస్తుంది. కోణాన్ని ఇంకా తగ్గించి సందిగ్ధ కోణం కిందికి తెస్తే కిరణం కొన్ని నానోమీటర్ల లోతు మాత్రమే చూస్తుంది. కొద్దిగా పెంచితే పొర మొత్తం చూస్తుంది. పైన ఎలా ఉంది, లోపల ఎలా ఉంది అని పొరను కోయకుండానే విడివిడిగా తెలుసుకోవచ్చు.

ఈ పద్ధతి పూర్తి పేరు గ్రేజింగ్ ఇన్సిడెన్స్ వైడ్ యాంగిల్ ఎక్స్‌రే స్కాటరింగ్. పొట్టిగా జివాక్స్ అంటారు. వైడ్ అంటే పెద్ద కోణాల్లో చెదిరిన కిరణాలను చూడటం, అవి పరమాణువుల మధ్య ఉండే చిన్న దూరాలను చెబుతాయి. చిన్న కోణాల్లో చెదిరిన కిరణాలు పెద్ద దూరాలను, అంటే పదుల, వందల నానోమీటర్ల గింజలను, బెజ్జాలను చెబుతాయి. దాన్ని జిసాక్స్ అంటారు. దూరం పెరిగితే కోణం తగ్గడం బ్రాగ్ సమీకరణంలోనే ఉంది, చూసుకోండి.

చిత్రాన్ని చదవడం

చెదిరిన కిరణాలను ఒక చదరపు డిటెక్టర్ పట్టుకుని చిత్రం ఇస్తుంది. ఆ చిత్రంలో నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది చోటు. వలయం నడిమి నుంచి ఎంత దూరంలో ఉందో చూస్తే అది పెరోవ్‌స్కైటా, లెడ్ అయొడైడా, ద్రావణి కలిసిన మధ్యంతర స్ఫటికమా అన్నది తేలుతుంది.

రెండోది వెలుగు. ఏ వలయం ఎంత మెరుస్తోందో దాన్నిబట్టి ఆ పదార్థం ఎంత ఉందో అంచనా వేస్తారు.

మూడోది ఆకారం. స్ఫటికాలు తలో దిక్కు చూస్తుంటే నిండు వలయం వస్తుంది. ప్రార్థన సమయంలో వరుసగా నిలబడినట్టు అన్నీ ఒకే దిక్కు చూస్తుంటే వలయం తెగి చాపాలుగా, చుక్కలుగా మారుతుంది. పొడవైన సేంద్రియ అయాన్లు కలిపిన పలకల పెరోవ్‌స్కైట్‌లలో ఇది చాలా ముఖ్యం. పలకలు నిలువుగా ఉంటే కరెంటు పై నుంచి కిందికి సాగుతుంది. అడ్డంగా పడుకుంటే ప్రతి పలకా ఒక అడ్డుగోడే.

నాలుగోది వెడల్పు. స్ఫటికం చిన్నదైతే శిఖరం వెడల్పుగా, పెద్దదైతే సన్నగా వస్తుంది. 1918లో పాల్ షెరర్ దీనికి సూత్రం ఇచ్చారు. 14.1 డిగ్రీల శిఖరం వెడల్పు 0.2 డిగ్రీలు ఉందనుకోండి. సూత్రంలో వేస్తే స్ఫటికం సుమారు 40 నానోమీటర్లు అని వస్తుంది. అయితే పరికరం కూడా శిఖరాన్ని కొంత వెడల్పు చేస్తుంది, స్ఫటికంలోని ఒత్తిడి కూడా చేస్తుంది. ఆ వాటాలు తీసేయకుండా చెప్పిన సైజును నమ్మకూడదు.

ఆరుతుండగానే చూడటం

నేను పాకం పోలిక చెప్పినప్పుడు మా అమ్మ వెంటనే ఒక మాట అడిగింది. "మరి మీరు ఆ మిషన్ దగ్గరికి తీసుకెళ్లి చూసేలోపు పాకం ముదిరిపోదా?" అని. సరిగ్గా ఇదే ప్రశ్న మీద ఎంతో పరిశోధన నడుస్తోంది.

కాలేజీ ప్రయోగశాలలో ఉండే ఎక్స్‌రే పరికరం ఒక మంచి గ్రాఫు ఇవ్వడానికి నిమిషాలు తీసుకుంటుంది, ఒక్కోసారి గంట. పొర తలరాత మాత్రం సెకన్లలో తేలిపోతుంది. అయిపోయిన పొరను చూస్తే ఫలితం తెలుస్తుంది గానీ కారణం తెలియదు. పరీక్షలో మార్కులు చూసి ఏ పాఠంలో వెనకబడ్డామో చెప్పలేనట్టే.

దీనికి మందు సింక్రోట్రాన్. ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో పెద్ద వలయంలో తిప్పితే అవి మలుపు తిరిగే చోట్ల చాలా తీవ్రమైన ఎక్స్‌రేలు వెలువడతాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో డెసీ సంస్థకు చెందిన పెట్రా-3 వలయం చుట్టుకొలత సుమారు 2.3 కిలోమీటర్లు. ఆ వెలుగులో సెకనులో కొంత భాగంలోనే ఒక చిత్రం తీయవచ్చు. అక్కడ పీ03 అనే బీమ్‌లైన్ దగ్గర మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు ఒక స్లాట్ డై అచ్చు యంత్రాన్నే కిరణం దారిలో బిగించారు. పొర అచ్చవుతుండగా, ఆరుతుండగా, వేడెక్కుతుండగా ఎక్స్‌రే దాన్ని చూస్తూనే ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడి పాకం చూడటమంటే ఇదే.

ఇలాంటి ప్రయోగంలో చిత్రాలను వరుసగా పేరిస్తే కథ కనిపిస్తుంది. మొదట ద్రవం తాలూకు మసక వలయం. తరువాత చిన్న కోణాల దగ్గర మధ్యంతర స్ఫటికం గీతలు. అవి వెలిసిపోతుండగా పెరోవ్‌స్కైట్ శిఖరం లేస్తుంది. వేడి ఆపకపోతే చివర లెడ్ అయొడైడ్ తల ఎత్తుతుంది. ఇక సిరా మార్చి, ద్రావణి మార్చి, తడి పొర మీద గాలిని సన్నని ధారగా ఊది, వేడి పెంచి తగ్గించి, ఏ మార్పు ఏ దశను ముందుకు తెచ్చిందో, ఏ దశను తుడిచేసిందో చూడవచ్చు. "ఇలా చేస్తే బాగుంది" అనే చేతివాటం పోయి "ఇందువల్ల బాగుంది" అనే లెక్క వస్తుంది. చేతివాటం ఒక మనిషితో ఉంటుంది. లెక్క అయితే ఏ ఊరి ఫ్యాక్టరీకైనా పంపవచ్చు.

ఒక జాగ్రత్త ఉంది. అంత తీవ్రమైన ఎక్స్‌రే పెరోవ్‌స్కైట్‌ను కూడా పాడుచేస్తుంది. చూసే కన్నే చెడగొట్టకూడదు కదా. అందుకని కిరణాన్ని పల్చబరుస్తారు, లేదా పొరను జరుపుతూ ప్రతిసారీ కొత్త చోట చూస్తారు.

ఇంకా తేలని లెక్కలు

2024 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ పీవీ కంపెనీ తన జోడు పలకలను తొలిసారి అమ్మకానికి పంపింది. అలాగని రేపే మన ఊళ్లో ఈ పలకలు వచ్చేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. సిలికాన్ పలకకు పాతికేళ్ల హామీ ఇస్తారు. పెరోవ్‌స్కైట్‌కు తేమ, వేడి, వెలుగు మూడూ శత్రువులే. ప్రమాణ పరీక్షల్లో ఒకటి 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు నిలవడం. మే నెలలో రామగుండంలోనో, వానాకాలంలో కాకినాడలోనో ఉండే పలకకు ఇది ఉత్తుత్తి పరీక్ష కాదు.

రెండోది సీసం. అర మైక్రోమీటరు పొరలో చదరపు మీటరుకు ఒక గ్రాము లోపే సీసం ఉంటుంది. కొంచెమే. కానీ అది నీటిలో కరిగే రూపంలో ఉంటుంది. పలక పగిలి వానకు తడిస్తే నేలలోకి పోతుంది. పాత పలకలను ఏరి విడదీసే పని మన దేశంలో ఎవరి చేతుల్లో జరుగుతుందో మనకు తెలుసు. పలకను గట్టిగా మూసి, వాడకం తీరాక కంపెనీయే వెనక్కి తీసుకునే ఏర్పాటు లేకుండా దీన్ని చవక అనడం సరికాదని నా అభిప్రాయం.

ఈ విషయంలోనూ ఎక్స్‌రే సాయపడుతుంది. సెల్‌కు వెలుగు పెట్టి కరెంటు తీస్తూనే దాని మీద ఎక్స్‌రే పంపి, ఎప్పుడు, ఏ స్ఫటికం చెడిందో చూస్తున్నారు. పాడైన తరువాత శవపరీక్ష చేయడం కాదు, జబ్బు మొదలవుతుండగానే నాడి పట్టడం.

మనకేమిటి?

మన దేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్‌లో ఇండస్-2 అనే సింక్రోట్రాన్ ఉంది. చుట్టుకొలత 172 మీటర్లు. యూనివర్సిటీ పరిశోధకులు దరఖాస్తు పెట్టుకుని అక్కడ ప్రయోగాలు చేస్తారు. హైదరాబాద్‌లో ఐఐసీటీ, ఏఆర్‌సీఐ సంస్థల్లో పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్‌ల మీద పని జరుగుతోంది. అంటే ఇది మనకు అందని చందమామ ఏమీ కాదు.

దారి ఇలా ఉంటుంది. బీఎస్సీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ తీసుకోండి. ఎమ్మెస్సీకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, ఐఐటీలకు జామ్ రాయాలి. ఆపైన సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీకి నెలనెలా ఫెలోషిప్ ఉంటుంది. ఎస్సీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ కూడా ఉంది. బీఎస్సీ చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. వాళ్ల తప్పు కాదు, చదివి చూపించినవాళ్లు వాళ్లకు కనపడలేదు. చూపించాల్సింది మనమే.

చివరగా ఒక్క మాట. హాంబర్గ్‌లోని రెండు కిలోమీటర్ల వలయమైనా, మన కాలేజీ మూలన ఉన్న పాత పరికరమైనా లెక్క వేసేది బ్రాగ్ సమీకరణంతోనే. ఆ సమీకరణం స్టడీ అవర్‌లో మన చేతిలో ఉన్న పుస్తకంలోనే ఉంది. దాన్ని నాలుగు మార్కుల కోసం ఒకసారి, అర్థం కోసం మరోసారి చదవండి. ఈ వ్యాసంలోని రెండు లెక్కలూ మీరే చేసి చూడండి. జవాబు 6.28, 6.96 వచ్చాయంటే పెరోవ్‌స్కైట్‌ను, లెడ్ అయొడైడ్‌ను వేరుచేసి చూడటం మీకు వచ్చేసినట్టే. అక్కడి నుంచి మిగతాది నేర్చుకోవడం అసాధ్యమేమీ కాదు.